డ్యాష్‌బోర్డు మీద లైటు వెలిగితే: ఆపాలా, వెళ్లవచ్చా, షెడ్డుకు ఎప్పుడు తీసుకెళ్లాలి?

"మీటర్లో ఎర్ర లైటు వెలుగుతోంది, ఇల్లు ఇంకా పది కిలోమీటర్లే, వెళ్లిపోవచ్చా?" అని మన ఉత్తరాంధ్ర పాఠకులు తరచుగా అడుగుతున్నారు. ఒకరు రణస్థలం దగ్గర జాతీయ రహదారి మీద ఉండి అడుగుతారు, మరొకరు గజపతినగరం దాటాక అడుగుతారు. చెడిపోయిన భాగాన్ని మార్చే పని మెకానిక్‌ది. అయితే ఆ క్షణంలో ఇంజిన్ ఆపాలా, మెల్లగా ముందుకు వెళ్లాలా అని తేల్చుకోవలసింది స్టీరింగు ముందు కూర్చున్నవారే. అందుకే ఇక్కడ ఒక్కో లైటు వెలిగితే ఆపాలో, వెళ్లవచ్చో చెప్పి, కారణాలను వివరించాను.

1. ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

కారుతో ఇచ్చిన పుస్తకంలో లైట్ల బొమ్మలున్న పేజీలను ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. ముఖ్యమైన గుర్తులు దాదాపు అన్ని కంపెనీలకూ ఒకటే. కొన్ని గుర్తుల అర్థం, అవి వెలిగే తీరు మాత్రం మోడల్‌ను బట్టి మారుతాయి కాబట్టి మీ బండి పుస్తకం చెప్పిందే చివరి మాట.

బండిలో ఉండవలసినవి:

- ఎర్రటి త్రికోణపు హెచ్చరిక బోర్డు, టార్చి
- రెండు లీటర్ల మంచినీరు, మీ కారుకు సరిపడే రకం కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) సీసా
- మందపాటి పాత గుడ్డ, చేతి తొడుగులు
- టైరు గాలి కొలిచే గేజి, బ్యాటరీ జంపర్ కేబుళ్లు
- బీమా పాలసీ నంబరు, అందులో రోడ్డు మీద సాయం ఉంటే ఆ ఫోను నంబరు
- జాతీయ రహదారి సహాయానికి 1033, అత్యవసరానికి 112

రోడ్డు మీద సాయం పాలసీలో ఉన్నదో లేదో బండి ఆగిపోయాక వెతుక్కోకుండా, ఇంట్లో ఉన్నప్పుడే చూసుకోండి.

2. తాళం తిప్పగానే చేయవలసిన పరీక్ష

ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళాన్ని "ఆన్" వరకే తిప్పండి. బటన్ స్టార్ట్ ఉన్న కార్లలో సాధారణంగా బ్రేకు గాని క్లచ్ గాని తొక్కకుండా బటన్‌ను రెండుసార్లు నొక్కితే ఇదే స్థితి వస్తుంది. ఇంజిన్, ఆయిల్, బ్యాటరీ, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకోకుండా చూసే వ్యవస్థ), ఎయిర్‌బ్యాగ్ లైట్లు వెలుగుతాయి. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ లైట్లు కొన్ని సెకన్లలో ఆరిపోతాయి. ఆయిల్, బ్యాటరీ లైట్లు ఇంజిన్ స్టార్ట్ అయిన వెంటనే ఆరిపోవాలి.

బండి బాగున్న రోజున ఈ దృశ్యాన్ని ఒకసారి వీడియో తీసి ఉంచుకోండి. తర్వాత ఎప్పుడైనా ఏ లైటు అదనంగా వెలుగుతోందో, వెలగవలసిన ఏ లైటు వెలగడం లేదో పోల్చి చూసుకోవచ్చు. వెలగవలసిన లైటు వెలగకపోవడం కూడా లోపమే.

3. రంగును బట్టి మొదటి నిర్ణయం

ఎరుపు వెలిగితే బండిని భద్రమైన చోట ఆపాలి. పసుపు లేదా నారింజ వెలిగితే వేగం తగ్గించి, అదే రోజు లేదా ఒకటి రెండు రోజుల్లో చూపించాలి. ఆకుపచ్చ, నీలం లైట్లు ఏదో ఒకటి పనిచేస్తోందని తెలియజేస్తాయంతే.

దీనికి కొన్ని మినహాయింపులున్నాయి. సీటు బెల్టు, తలుపు, హ్యాండ్ బ్రేకు గుర్తులు ఎర్రగానే ఉంటాయి, వాటిని అక్కడికక్కడే సరిచేసుకోవచ్చు. బ్యాటరీ బొమ్మ కూడా ఎరుపే, కానీ దానికి ఏం చేయాలో 7వ భాగంలో విడిగా చెప్పాను. ఇంజిన్ బొమ్మ పసుపే అయినా, అది ఆరుతూ వెలుగుతూ ఉంటే ఎర్ర లైటుతో సమానంగా భావించండి. అనేక లైట్లు ఒకేసారి వెలిగితే కంగారు పడవద్దు. చాలాసార్లు దానికి కారణం బలహీనపడిన బ్యాటరీయే. అయినా అది నిర్ధారణ అయ్యేదాకా, వెలిగిన వాటిలో అన్నిటికన్నా ప్రమాదకరమైనదాన్ని బట్టే నడుచుకోండి.

4. ఎర్ర లైటు వెలిగిన మొదటి రెండు నిమిషాలు

క్రమం తప్పకుండా ఇలా చేయండి.

1) యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయండి. వెనుక వచ్చే లారీకి అవకాశం లేకుండా హఠాత్తుగా బ్రేకు తొక్కవద్దు.

2) వెలిగినది ఏ బొమ్మో చూడండి. నూనె డబ్బా గాని, థర్మామీటరు గాని అయితే లెక్క సెకన్లలో ఉంటుంది.

3) ఎడమ ఇండికేటర్ వేసి, తెల్ల గీత దాటి వీలైనంత ఎడమకు తీసి ఆపండి. మలుపు మీద, వంతెన మీద ఆపకండి. ఆగాక నాలుగు ఇండికేటర్లూ వేయండి.

4) బండి పూర్తిగా ఆగాకే ఇంజిన్ ఆపండి. కదులుతున్న బండిలో ఇంజిన్ ఆపితే స్టీరింగు బరువెక్కుతుంది, బ్రేకుకు అందే సాయం తగ్గిపోతుంది, తాళం బయటికి తీస్తే స్టీరింగు లాక్ అయ్యే ప్రమాదమూ ఉంది.

5) అందరూ ఎడమ వైపు తలుపుల నుంచి దిగి, రోడ్డు పక్కనున్న ఇనుప కంచె అవతల నిలబడాలి. పిల్లలను బండిలో కూర్చోబెట్టి ఉంచవద్దు.

6) కనీసం 50 మీటర్ల వెనుక త్రికోణపు బోర్డు పెట్టండి. రాత్రివేళ 16వ నంబరు జాతీయ రహదారి మీద ఆగిన బండిని వెనుక నుంచి వచ్చేవారు గుర్తించడమే కష్టం, కాబట్టి దీన్ని విడిచిపెట్టవద్దు.

5. నూనె డబ్బా బొమ్మ: ఆయిల్ లైటు

వెళ్లగలిగిన దూరం: సున్నా. బండిని పక్కకు తీయడానికి ఎంత అవసరమో అంతే.

ఈ లైటు ఆయిల్ ఎంత ఉందో చెప్పదు, ఇంజిన్ భాగాల మధ్యకు ఆయిల్ ఒత్తిడితో చేరడం లేదని చెబుతుంది. లోహం మీద లోహం నూనె లేకుండా రాసుకుంటే బేరింగులు నిమిషాల్లో పాడవుతాయి. ఆయిల్ మార్పించిన మర్నాడు రాజాం నుంచి చీపురుపల్లి వైపు వస్తుండగా నాకు ఈ లైటు వెలిగింది. ఇంజిన్ ఆయిల్ నిలిచే చాంబర్ కింది బోల్టు సరిగా బిగించకపోవడంతో ఆయిల్ దారి పొడవునా కారిపోయింది. వెంటనే ఆపి, బండిని కట్టి లాగించుకుని రావడంతో కొత్త బోల్టు, వాషరు, ఆయిల్‌తో పని ముగిసింది. "దగ్గరే కదా" అనుకుని ముందుకు పోయినవారిలో ఇంజిన్ విప్పించుకోవలసి వచ్చినవారిని నేను ఎరుగుదును.

చేయవలసిన పని:

- సమతలంగా ఉన్న చోట ఇంజిన్ ఆపి, పది నిమిషాలు ఆగండి.
- బానెట్ ఎత్తి డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం కొలిచే కడ్డీ) తీసి తుడవండి, మళ్లీ పూర్తిగా దించి తీయండి. ఆయిల్ గుర్తు కింది గీతకూ పై గీతకూ మధ్య ఉండాలి.
- బండి కింద తాజాగా కారిన ఆయిల్ ఉందేమో చూడండి. ధారగా కారుతుంటే ఎంత పోసినా లాభం లేదు, టోయింగ్ బండిని పిలవండి.
- ఆయిల్ తగ్గి ఉండి, కారడం లేకపోతే, పుస్తకంలో చెప్పిన గ్రేడు ఆయిల్ అర లీటరు చొప్పున పోస్తూ చూడండి. పై గీత దాటనివ్వవద్దు.
- తర్వాత స్టార్ట్ చేస్తే కొన్ని సెకన్లలో లైటు ఆరాలి. ఆరకపోతే వెంటనే ఆపేయండి.
- ఆయిల్ సరిపడా ఉండి కూడా లైటు వెలిగితే మళ్లీ స్టార్ట్ చేయవద్దు. పంపు గాని సెన్సరు గాని చెడిపోయి ఉండవచ్చు. ఆ రెండింటిలో ఏదో రోడ్డు మీద తేలదు.

ఇంజిన్ బాగా వేడెక్కి, ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా) ఉన్నప్పుడు లైటు మిణుకుమిణుకుమంటూ, రేజ్ చేయగానే ఆరిపోతుంటే చాలామంది పట్టించుకోరు. ఆయిల్ పలచబడిందనడానికో, పంపు అరిగిందనడానికో అదే తొలి గుర్తు.

6. థర్మామీటరు బొమ్మ: వేడి లైటు

ఉదయం బండి తీయగానే నీలి రంగులో వెలిగే థర్మామీటరు బొమ్మ ఇంజిన్ ఇంకా చల్లగా ఉందని చెబుతుంది. అది దానంతట అదే ఆరిపోతుంది, అప్పటిదాకా రేజ్ చేయకుండా నడిపితే చాలు. ఎర్రగా వెలిగినదే ప్రమాదం.

మన ప్రాంతంలో ఇది ఎక్కువగా రెండు సందర్భాల్లో ఎదురవుతుంది. రథసప్తమికి అరసవల్లి దారిలోనో, సిరిమానోత్సవం నాడు విజయనగరంలోనో గంటల తరబడి నత్తనడక నడిచేటప్పుడు గాలి తగలక, రేడియేటర్ ఫ్యాను మీదే భారమంతా పడుతుంది. సాలూరు దాటి ఒడిశా వైపు ఘాట్ ఎక్కేటప్పుడు నిండా మనుషులతో, ఏసీతో, పై గేరులో లాగితే ఇంజిన్ మీద భారం పడుతుంది.

వేడి చూపే మీటరు ముల్లు పైకి ఎక్కడం మొదలైందని గమనిస్తే, లైటు వెలగకముందే ఏసీ ఆపండి, అద్దాలు దించండి, హీటరును పూర్తి వేడిలో, పూర్తి బ్లోయర్‌తో పెట్టండి. వేసవిలో ఇది కష్టమే అయినా, ఇంజిన్ వేడిని కొంత బయటికి లాగేస్తుంది. ఘాట్‌లో గేరు తగ్గించి ఎక్కండి.

ఎర్ర లైటు వెలిగినా, బానెట్ నుంచి ఆవిరి వచ్చినా:

- భద్రంగా ఆపి, ఇంజిన్ కట్టేయండి. ఆవిరి తగ్గేదాకా బానెట్ ఎత్తవద్దు.
- కనీసం 30 నుంచి 45 నిమిషాలు ఆగండి. ఈలోగా రేడియేటర్ మూతను తాకవద్దు. లోపల ఒత్తిడిలో మరిగే నీరు ఉంటుంది, మూత తీయగానే ముఖానికి, చేతులకు చిమ్ముతుంది.
- ఇంజిన్ ఆపి ఉన్నా ఎలక్ట్రిక్ ఫ్యాను ఒక్కసారిగా తిరగవచ్చు, చేతులు దూరంగా ఉంచండి.
- చల్లారాక తెల్లటి ప్లాస్టిక్ డబ్బాలో కూలెంట్ మట్టాన్ని బయటి నుంచి చూడండి.
- తక్కువగా ఉంటే మందపాటి గుడ్డ పట్టుకుని మూతను కొద్దికొద్దిగా తిప్పి, ఒత్తిడి పోయాక తీసి నింపండి.
- గొట్టాలు, వాటి క్లిప్పులు, రేడియేటర్ అంచులు తడిగా ఉన్నాయేమో గమనించండి.

వేడి ఇంజిన్ మీద చల్లటి నీళ్లు పోయడం పెద్ద పొరపాటు. సిలిండర్ హెడ్డు పగలవచ్చు, వంకర తిరగవచ్చు. కూలెంట్ దొరకని చోట మంచినీరు పోసి షెడ్డు దాకా తీసుకెళ్లడం తప్పు కాదు, ఆ తర్వాత మాత్రం ఆ నీరు తీసి సరైన కూలెంట్ పోయించాలి. బోరు నీటిలోని లవణాలు రేడియేటర్ గొట్టాల్లో పేరుకుపోతాయి.

ఇంకొక విషయం. పైకి ఎక్కిన ముల్లు హఠాత్తుగా కిందికి పడిపోయి, హీటరు నుంచి చల్లటి గాలి వస్తుంటే బండి బాగుపడిందని అనుకోవద్దు. కూలెంట్ పూర్తిగా అయిపోయి సెన్సరుకు వేడి నీరు తగలకపోతే ఇలాగే చూపిస్తుంది. అప్పుడూ ఆపవలసిందే. నింపిన కూలెంట్ మళ్లీ మళ్లీ తగ్గుతున్నా, ఆయిల్ మూత లోపల పాలలాంటి జిడ్డు కనిపించినా, సైలెన్సరు నుంచి తెల్లని పొగ ఆగకుండా వస్తున్నా హెడ్ గ్యాస్కెట్ (సిలిండర్ హెడ్డు కింద ఉండే సీలు) పోయి ఉండవచ్చు. ఆ బండిని నడపకుండా లాగించుకెళ్లండి.

7. బ్యాటరీ బొమ్మ

వెళ్లగలిగిన దూరం: పగలైతే కొంత, రాత్రి హెడ్‌లైట్లు వేసుకుంటే అంతకన్నా తక్కువ.

ఇంజిన్ నడుస్తుండగా ఇది వెలిగితే డైనమో, అంటే ఆల్టర్నేటర్, చార్జి ఇవ్వడం లేదన్నమాట. బండి బ్యాటరీలో మిగిలిన కరెంటుతో నడుస్తుంటుంది. ఏసీ, పాటలు, ఫోను చార్జరు ఆపేయండి. దారిలో ఇంజిన్ ఆపకుండా దగ్గరి షెడ్డుకు వెళ్లండి, ఆపితే మళ్లీ స్టార్ట్ కాకపోవచ్చు.

అయితే ముందు బెల్టు తెగిందేమో తెలుసుకోవాలి. చాలా కార్లలో ఆల్టర్నేటర్‌ను తిప్పే బెల్టే నీటి పంపునూ తిప్పుతుంది. బ్యాటరీ లైటుతో పాటు వేడి కూడా పెరుగుతుంటే బెల్టు పోయిందని భావించి వెంటనే ఆపండి.

మల్టీమీటరు ఉంటే ఇంట్లోనే చూసుకోవచ్చు. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు పూర్తిగా చార్జి అయిన బ్యాటరీ దాదాపు 12.6 వోల్టులు చూపాలి, నడుస్తున్నప్పుడు మామూలుగా 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. టెర్మినళ్లకు తెల్లటి, పచ్చటి పూత పట్టి ఉంటే మైనస్ తీగను ముందు విప్పి, ప్లస్ తర్వాత విప్పి, వంట సోడా కలిపిన గోరువెచ్చని నీటితో శుభ్రం చేసి, ఆరాక వ్యాజిలీన్ రాయండి. బిగించేటప్పుడు ప్లస్ ముందు, మైనస్ చివర.

8. వృత్తంలో ఆశ్చర్యార్థకం: బ్రేకు లైటు, ఏబీఎస్ లైటు

ముందు హ్యాండ్ బ్రేకు పూర్తిగా దిగిందేమో చూడండి. దిగినా ఎర్ర లైటు ఆరకపోతే బండి ఆపి బ్రేకు ఆయిల్ డబ్బా చూడండి. మట్టం కింది గీతకు దిగి ఉంటే రెండు కారణాలుండవచ్చు. బ్రేకు ప్యాడ్లు అరగడం వల్ల నెమ్మదిగా తగ్గి ఉండవచ్చు, లేదా ఎక్కడో కారుతుండవచ్చు. మలుపు తిరిగేటప్పుడు, వాలు మీద క్షణకాలం వెలిగి ఆరుతుంటే అది మట్టం తగ్గుతోందని చెప్పే తొలి సూచన.

ఆగి ఉన్నప్పుడే పెడలును గట్టిగా తొక్కి పట్టండి. గట్టిగా నిలిచి, ఆయిల్ మట్టమూ సరిగా ఉంటే నెమ్మదిగా, ముందు బండికి చాలా దూరం పాటిస్తూ దగ్గరి షెడ్డుకు వెళ్లవచ్చు. పెడల్ మెత్తగా ఉన్నా, తొక్కి పట్టగా కిందికి జారిపోతున్నా ఒక్క మీటరు కూడా కదల్చవద్దు.

మూత మీద రాసి ఉన్న డాట్ 3 లేదా డాట్ 4 బ్రేకు ఆయిల్ తప్ప ఇంకేదీ పోయకండి. ఇంజిన్ ఆయిల్ గాని, ఇతర నూనె గాని పడితే రబ్బరు భాగాలన్నీ ఉబ్బి పాడవుతాయి. ఆయిల్ నింపడంతో లైటు ఆరినా, అది ఎందుకు తగ్గిందో తేల్చకుండా వదిలేయవద్దు.

పసుపు రంగు ఏబీఎస్ లైటు ఒక్కటే వెలిగితే మామూలు బ్రేకు పనిచేస్తుంది, గట్టిగా తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుని జారవచ్చు. ఏబీఎస్, ఎర్ర బ్రేకు లైటు కలిసి వెలిగితే బ్రేకు బలాన్ని ముందు, వెనుక చక్రాలకు పంచే వ్యవస్థ కూడా పనిచేయకపోవచ్చు. అప్పుడు టోయింగే ఉత్తమం.

9. పసుపు లైట్లు

*ఇంజిన్ బొమ్మ.* స్థిరంగా వెలుగుతూ, బండి మామూలుగా నడుస్తుంటే ఇంటికి వెళ్లవచ్చు, ఒకటి రెండు రోజుల్లో స్కానర్ (బండి కంప్యూటరులో నమోదైన లోపాల కోడ్ చదివే పరికరం) పెట్టించాలి. పెట్రోలు కారైతే ట్యాంకు మూత టిక్కుమనేదాకా బిగించి చూడండి. కారణం అదే అయినా లైటు వెంటనే ఆరదు, కొన్ని ప్రయాణాల తర్వాత ఆరుతుంది. ఆరుతూ వెలుగుతూ, ఇంజిన్ అదురుతుంటే ఏదో సిలిండర్‌లో పెట్రోలు మండకుండా సైలెన్సరులోకి పోతోందని అర్థం. అది పొగను శుభ్రపరిచే ఖరీదైన క్యాటలిటిక్ కన్వర్టర్‌ను కాల్చేస్తుంది కాబట్టి వేగం తగ్గించి, వీలైనంత త్వరగా ఆపండి.

*డీజిల్ కార్లలో మరికొన్ని.* చుట్టలు తిరిగిన తీగ బొమ్మ (ఇంజిన్‌ను ముందుగా వేడిచేసే గ్లో ప్లగ్ గుర్తు) ఆరాకే స్టార్ట్ చేయండి, నడుస్తుండగా అది మిణుకుమంటే లోపం ఉన్నట్టే. ఫిల్టరులో నీరు చేరిందన్న గుర్తు వెలిగితే ఆ రోజే నీరు తీయించండి. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్6 కాలుష్య నిబంధనల ప్రకారం తయారైన డీజిల్ కార్లలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. పట్టణంలో చిన్న చిన్న దూరాలే తిరిగే బండిలో మసి నిండి దాని లైటు వెలుగుతుంది. వేరే లైట్లేవీ లేకపోతే శ్రీకాకుళం నుంచి నరసన్నపేట వైపు హైవే మీద, మధ్యలో ఆపకుండా, గంటకు 60 కిలోమీటర్లకు పైగా నిలకడైన వేగంతో 15 నుంచి 20 నిమిషాలు నడపండి. చాలా వరకు ఆరిపోతుంది. ఆరకపోతే అదే పనిగా తిప్పవద్దు, సర్వీస్ సెంటరుకు తీసుకెళ్లండి.

*టైరు గుర్తు.* గుర్రపు నాడాలాంటి బొమ్మలో ఆశ్చర్యార్థకం. నాలుగు టైర్లనూ కళ్లతో చూసి, గేజితో కొలవండి. సరైన కొలత టైరు చల్లగా ఉన్నప్పుడే వస్తుంది. ఎంత ఉండాలన్నది డ్రైవరు తలుపు పక్క స్టిక్కరు మీద ఉంటుంది.

*ఎయిర్‌బ్యాగ్.* బండి నడుస్తుంది, ప్రమాదంలో బ్యాగ్ తెరుచుకోకపోవచ్చు. సీటు కింద ఉన్న పసుపు కనెక్టర్లను మీరు లాగవద్దు. ఇది ఆలస్యం చేయదగినది కాదు.

స్టీరింగు బొమ్మ వెలిగితే స్టీరింగు బరువెక్కవచ్చు, మెల్లగా వెళ్లండి. జారుతున్న కారు బొమ్మ మలుపులో క్షణం మిణుకుమంటే బండి జారకుండా చూసే వ్యవస్థ పనిచేస్తోందని, ఆగకుండా వెలిగితే పనిచేయడం లేదని అర్థం. ఇంధనం లైటు వెలిగాక ట్యాంకు ఖాళీ అయ్యేదాకా తిప్పకండి, చాలా కార్లలో ట్యాంకులోని పంపును చల్లబరిచేది ఆ ఇంధనమే.

10. మన ప్రాంతంలో ప్రత్యేకంగా చూసుకోవలసినవి

కళింగపట్నం, భావనపాడు, బారువ వంటి తీర ప్రాంతాల్లో ఉప్పు గాలికి కనెక్టర్లు, ఎర్త్ తీగలు తుప్పు పడతాయి. ఒకదానితో ఒకటి సంబంధం లేని లైట్లు అప్పుడప్పుడు వెలిగి ఆరుతుంటే, భాగాలు మార్చే ముందు ఆ ఎర్త్ తీగలను శుభ్రం చేయించండి.

పొలాల పక్కన బండి పెట్టేవారు ఎలుకలను మరవకూడదు. కోతల తర్వాత కొన్నాళ్లు తీయకుండా ఉంచిన బండిలో లైట్లు వెలిగితే, స్కానర్ కన్నా ముందు బానెట్ ఎత్తి కొరికిన తీగల కోసం వెతకండి.

తుఫాను రోజుల్లో నాగావళి, వంశధార పొంగి రోడ్డు మీదికి వచ్చిన నీటిలో ఇంజిన్ ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయవద్దు. సిలిండర్లోకి చేరిన నీరు అణగదు, పిస్టన్లను పట్టి ఉంచే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. నీటిలోంచి క్షేమంగా బయటపడ్డాక ఏబీఎస్ లైటు వెలిగితే, సెన్సరు ఆరేదాకా ఒక పూట చూసి, అప్పటికీ ఉంటే చూపించండి.

11. షెడ్డుకు వెళ్లినప్పుడు

లైటు వెలిగిన సమయం, అప్పటి వేగం, వర్షమా ఎండా, బండి చల్లగా ఉందా వేడిగా ఉందా అనే వివరాలు రాసుకుని వెళ్లండి. లైటు ఆర్పడానికి బ్యాటరీ తీగ విప్పి పెట్టడం చాలామంది చేసే పని. దాంతో కంప్యూటరులో నమోదైన ఆధారాలు చెరిగిపోవచ్చు.

స్కానర్ చూపిన కోడ్‌ను కాగితం మీద రాయించుకోండి. కోడ్ లక్షణాన్ని చెబుతుంది, ఏ భాగం పోయిందో చెప్పదు. ఉదాహరణకు పీ0171 అంటే ఇంజిన్‌లో గాలి ఎక్కువై ఇంధనం తక్కువైందని. దానికి కారణం పగిలిన గొట్టం, మురికి పట్టిన గాలి సెన్సరు, బలహీనమైన ఇంధన పంపులలో ఏదైనా కావచ్చు. పరీక్షించకుండానే "సెన్సరు మార్చాలి" అంటే, ఎలా తేల్చారో అడిగే హక్కు మీకుంది.

బండి తీసుకునేటప్పుడు:

- తాళం "ఆన్"లో పెట్టి, ఆపై స్టార్ట్ చేసి, అన్ని లైట్లూ వెలిగి ఆరుతున్నాయో లేదో మీ పాత వీడియోతో పోల్చండి.
- మార్చిన పాత భాగాన్ని అడిగి చూడండి.
- పది కిలోమీటర్లు నడిపి, మళ్లీ స్కాన్ చేయించండి.

సెకండ్ హ్యాండ్ కారు కొనేవారు కూడా ఇదే తాళం పరీక్ష చేయాలి. ఎయిర్‌బ్యాగ్ లైటో, ఇంజిన్ లైటో అసలు వెలగకపోయినా, వేరే లైటుతో సరిగ్గా ఒకే క్షణంలో వెలిగి ఆరుతున్నా, లోపం కనబడకుండా ఆ బల్బును తీసి ఉండవచ్చు లేదా తీగను పక్క లైటుకు కలిపి ఉండవచ్చు. స్కాన్ చేయించకుండా బయానా ఇవ్వకండి.